కడలి అడుగున నడిచే తరంగం
(ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వవిద్యార్థి ప్రసంగ పాఠం)



'పౌనఃపున్యం', 'తిర్యక్ తరంగం' అనే మాటలు నేను ఈ పాఠశాలలోనే నేర్చుకొన్నాను. ఆ మాటలతోనే లోతు తక్కువైన సముద్రం అడుగున ఏమి జరుగుతున్నదో విన్నవిస్తాను.

నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు ప్రయాణిస్తుంది. తిర్యక్ తరంగాలను మాత్రం నీరు మోయలేదు. ఆ శక్తి ఘనపదార్థానిదే. అయితే నీరూ నేలా కలిసే సరిహద్దును అంటిపెట్టుకొని సాగే తరంగం ఒకటి ఉన్నది. 1947లో దీనిని గణితరీత్యా చర్చించిన డచ్చి శాస్త్రజ్ఞుని పేరిట దీనిని షోల్టె తరంగం అంటారు. సరిహద్దుకు పైనా క్రిందా దూరం పెరిగిన కొద్దీ దీని బలం క్షీణిస్తుంది. దీని వేగం నేలలోని తిర్యక్ తరంగ వేగం కంటే కొంచెం తక్కువ. మెత్తని ఒండ్రులో అది సెకనుకు వంద మీటర్లైనా ఉండకపోవచ్చు! కాని శక్తి అన్ని దిక్కులకూ చెదరక అడుగు వెంబడే వ్యాపిస్తుంది గనుక చాలా దూరం నిలుస్తుంది.

అసలు విశేషం వేరే ఉన్నది. పౌనఃపున్యం తగ్గిన కొద్దీ తరంగదైర్ఘ్యం పెరుగుతుంది. పొడవైన తరంగం నేలలోని లోతైన పొరలను కూడ తాకుతుంది. ఆ పొరలు గట్టివైతే త్వరగా నడుస్తుంది. కనుక ఏ పౌనఃపున్యం ఎంత వేగంతో వచ్చినదో కొలిస్తే, త్రవ్వకుండానే నేల దృఢత్వం బోధపడుతుంది.

ఉత్తర సముద్రంలో నార్వేకు చెందిన వాల్‌హాల్ చమురు క్షేత్రం ఉన్నది. నీటి లోతు సుమారు 70 మీటర్లే. చమురు తీసిన కొద్దీ అడుగు క్రుంగుతూ వచ్చింది. పైన కట్టడాలలో మనుష్యులున్నారు. వారి క్రింది నేల ఎటువంటిదో తెలియడం ప్రాణావసరం. 2003లో అక్కడ అడుగున శాశ్వతంగా గ్రాహకాలను అమర్చారు. తరువాత శాస్త్రజ్ఞులు పేలుళ్ళు జరపకుండా, సముద్రపు అలల ఒత్తిడి వల్ల నేలలో నిరంతరం కలిగే అల్ప పౌనఃపున్య కంపనాలనే వాడుకొన్నారు. రెండేసి గ్రాహకాల నమోదులను సరిపోల్చి, వాటి నడుమ షోల్టె తరంగం పయనించిన కాలాన్ని రాబట్టారు.

సాధారణంగా ఇటువంటి కంపనాలను రొదగా భావించి వడగట్టి పారవేస్తారు. (చివరి బెంచీలో మా గుసగుసలకు కూడ అదే గతి పట్టేది!) వాల్‌హాల్‌లో ఆ రొద నుండి తీసిన చిత్రాలలో, ఒండ్రు క్రింద ఏనాడో పూడిపోయిన ప్రాచీన నదీమార్గాలు కనిపించాయి.