జొన్నగింజ లోపలి పిండిరేణువు



గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు సీమలలో జొన్నయు వరియు మన యాహారములు. ఈ రెంటి పిండియు కంటికొక్కటే గాని సూక్ష్మదర్శినిలో వేఱు. మిల్లీమీటరును వేయి భాగములు చేసినచో, బియ్యపు పిండిరేణువు అందు 3 మొదలు 8 భాగములు మాత్రమే యుండును. జొన్నరేణువు రమారమి 15 భాగములుండును. లోపల ఉల్లిగడ్డ వలె పొరమీద పొర యుండును.

జొన్నరేణువునకు మఱియొక విశేషము కలదు. దానిపై సన్నని రంధ్రములును, వానినుండి నడిమి బోలు వఱకు దారులును గలవు. కోతవేళ వాన పట్టి గింజ కంకిలోనే మొలకకు దిగెనేని, పిండిని కరగించు అమిలేసు అను ద్రవ్యము గింజలో బుట్టి, ఆ దారులవెంట జొచ్చి, రేణువును లోపలనుండి తొలుచును. మొదట పైకి గింజ బాగుగనే కానవచ్చును. కాని సంకటి పలుచనగును, రొట్టె విఱుగును, విత్తనము చెడును.

కావున గింజ అడుగున నల్లచుక్క కనబడిన పిదప, మబ్బు పట్టినచో జాగు సేయక కోయుడు. తడికంకులను కుప్పవేయకుడు. విత్తనపు గింజలను తేమ నూటికి 12 పాళ్లకు మించకుండ నెండబెట్టి దాచుడు.