గడ్డికోత ట్రాక్టరునకు వెనుక టైర్ల ఎంపిక
(పలమనేరు రైతులకు చేసిన ప్రసంగ పాఠము)



టైర్లను గురించి చెప్పుటకు ఇంజనీరును పిలువక, పంటల పాఠము చెప్పుకొను నన్నెందుకు పిలిచినారని మీలో కొందరికి తోచవచ్చును. టైరు బండికి తగిలించినదే గాని, అది నడచునది మన పైరు మీద. ఈ ప్రాంతమున అనేక కుటుంబములకు పాలడబ్బులే చేతి ఖర్చు. ఆ పాలకు మూలము గడ్డి. కోతకు కూలీలు చాలక, చిన్న ట్రాక్టరునకు కోతయంత్రము తగిలించి కోయుచున్నవారు మీలో ఉన్నారు. వారి ట్రాక్టరు వెనుక టైర్లు అరిగినప్పుడు, అంగడివారు ఇంకొక రకమో, ఇంకొంచెము పెద్దదో వేయించుకొమ్మందురు. డబ్బు కట్టక మునుపే ఆలోచింపవలసిన విషయమిది.

టైరు మీది గట్లను బట్టి ముఖ్యముగా మూడు రకములు తెలిసిన చాలును. ఏటవాలుగా ఎత్తైన గట్లు గలది ఆర్-1; ఇది దుక్కికి వాడు మామూలు టైరు. చిన్న చిన్న దిమ్మెల అచ్చు గలది ఆర్-3. విదేశములలో పచ్చిక మైదానములకు వాడుదురు. గట్లు వెడల్పుగా, తక్కువ ఎత్తుగా, ప్రక్కగోడ గట్టిగా ఉండునది ఆర్-4.

పచ్చిక టైరు గడ్డిని నొప్పింపదను మాట నిజమే. అయితే అది చదునైన, ఆరిన నేల మాట. మన ఎర్రనేల తడిసినప్పుడు ఆ దిమ్మెల సందులలో మట్టి నిండి, టైరు నున్నని గుండువలె జారును. ఒక్కచోట చక్రము ఊరక తిరిగినచో, ఎత్తు గట్ల టైరు పది సార్లు నడచినందు కంటె ఎక్కువ గడ్డి పెళ్లగిలిపోవును. చెరువు కట్ట ప్రక్కన, మామిడితోట వాలులో ఆ జారుడు మనిషి ప్రాణము మీదికే వచ్చును. మన సేద్యమునకు నేను దానిని సిఫారసు చేయను. రాళ్ల నేలలలోను, రోడ్డు తోలకము ఎక్కువగా ఉన్నచోటను ఆర్-4 వేయవచ్చును గాని, బురదలో దాని పట్టు తక్కువ. తక్కినవారికి ఆర్-1, అదియు మొదటి సైజుదే, మేలు. సగము అరిగిన ఆర్-1 టైర్లు చదును నేలలో గడ్డికోతకు క్రొత్తవాటి కంటె మంచివి; అవి పైరు మొదళ్లను అంతగా కోయవు. వాలు నేలకు మాత్రము వాటిని వాడరాదు.

వెడల్పు టైరు బరువును పరచి నేలను కాపాడును. కాని హైబ్రిడ్ నేపియర్ తోటలో లెక్క వేరు. వరుసకు వరుసకు 90 సెంటీమీటర్లు ఎడముండి, రెండు వెనుక టైర్ల నడి భాగముల నడుమ కూడ 90 సెంటీమీటర్లే ఉన్నచో చక్రములు సాళ్ల నడుమ పోవును. 8.3 అంగుళముల టైరు 21 సెంటీమీటర్ల వెడల్పు. అంతకు వెడల్పైనది వేసినకొలది మొదళ్లకు దగ్గరగును. ఎండిన నేపియర్ మోళ్లు, మల్బరీ కత్తిరించిన ఏటవాలు మోళ్లు మేకులవంటివి. టైరు ప్రక్కగోడను చీల్చును. కావున గడ్డి నాటకముందే చక్రముల ఎడమును కొలుచుకొనుడు. టైరు కొనునప్పుడు ఎక్కువ ప్లై గలది అడుగుడు.

లూసర్న్ సంగతి మరింత సున్నితము. ఒకసారి విత్తిన చేను మూడేండ్ల వరకు నిలుచును, ఏటా ఎనిమిది పది కోతలు వచ్చును. ప్రతి కోతకు చక్రము దానిని తొక్కవలసినదే. కోసిన గడ్డిని రెండు రోజులలో తరలింపవలెను. ఆలస్యమైనచో చిగురు లేచును, చక్రము ఆ చిగురునే త్రుంచును. నీరు పెట్టిన తడి ఆరక మునుపు ట్రాక్టరు దింపరాదు.

నాలుగు చక్రములకు శక్తి అందు ట్రాక్టరు గలవారు సైజు మార్చునప్పుడు మరింత జాగ్రత్త పడవలెను. కర్మాగారములో ముందు చక్రములు వెనుకవాటి కంటె కొద్దిగా ముందుకు సాగునట్లు పళ్ల లెక్క కుదిర్చి పంపుదురు. వెనుక చక్రము ఒక చుట్టునకు 280 సెంటీమీటర్లు పోవలసినచోట, పెద్ద టైరుతో 294 పోయినదనుకొనుడు. నూటికి ఐదు హెచ్చినది. రెండు చక్రముల ట్రాక్టరులో వేగము అంత పెరిగి, లాగు బలము అంత తగ్గును. పెద్ద ప్రమాదము లేదు. నాలుగు చక్రములదైనచో ముందు చక్రములు బ్రేకువలె ఈడ్చుకొని, టైర్లు త్వరగా అరిగి, పళ్లచక్రములపై భారము పడును. ఆ మరమ్మతు ఖర్చు ముందు టైరు ధర చిన్నదనిపించును. సుద్దతో టైరు మీద గుర్తు పెట్టి, గట్టి చదును నేలపై పది చుట్లు నడిపి, దూరమును పదితో భాగింపుడు. పాత టైరు అరిగియుండును గనుక, ఆ కొలతను తయారీదారు పుస్తకములోని అంకెతో కూడ సరిచూడుడు. ఎడమ, కుడి టైర్లు ఎన్నడును ఒకే కొలతవై యుండవలెను.

గాలి విషయము. టైరులో చదరపు అంగుళమునకు 12 పౌండ్ల గాలి ఉన్నచో, నేలపై ఇంచుమించు అంతే ఒత్తిడి, కొంచెము హెచ్చుగా, పడును. 24 పెట్టినచో నేలపై ఒత్తిడి ఇంచుమించు రెట్టింపగును. రోడ్డు మీద ట్రాలీ లాగుటకు కొట్టించిన గాలితోనే గడ్డిచేలో దిగుట మనవారి అలవాటు; నేల గట్టిపడుటకు అదియొక కారణము. తయారీదారు పట్టికలో ఆ బరువునకు అనుమతించిన కనీసపు గాలి పెట్టి, చల్లని వేళ కొలువుడు. దుక్కి కొరకు టైర్లలో నింపిన నీటిని కూడ, చదును నేలలో కోతకు ముందు తీయించుట మంచిది.

టైరు తొడిగించునప్పుడు దగ్గర నిలిచి చూడుడు. వెనుకనుండి చూచిన గట్లు గుడిసె కప్పువలె మొన పైకుండవలెను. తిరగబడినచో మట్టి రాలదు, పట్టు దొరకదు. అంచు రిమ్ములో కూర్చొనలేదని 35 పౌండ్లకు మించి గాలి కొట్టనీయకుడు. టైరు పగిలి మనుషులు చనిపోవుదురు. గాలి తీసి, అంచునకు సబ్బు నీరు పూసి, మరల ప్రయత్నింపుమనుడు.