నిలువ నీడ లేని తల్లులు



గ్రంథాలయ రజతోత్సవమున పుస్తకములను గూర్చియు, పఠనమును గూర్చియు ప్రసంగించుట ఆచారము. ఇల్లు లేని తల్లులను గూర్చియు, వారి వెంటనున్న బిడ్డలను గూర్చియు ఇచట ముచ్చటింప నేల యని కొందరికి తోచవచ్చును. కాని ఈ ప్రాంతమున పుట్టిన గొప్ప పుస్తకమొకటి ఈ ప్రశ్నను తాకకుండ ముగియలేదు. విజయనగరమున 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో పెంచి వ్రాయబడిన గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ అట్టిది. ఆ నాటకము చివర బాలవితంతువగు బుచ్చమ్మ యెచటికి పోవలయునను ప్రశ్న వచ్చినది. సౌజన్యారావు పంతులు ఆమెను పూనాలోని వితంతు శరణాలయమునకు పంపి చదువు చెప్పింప నిశ్చయించెను. చదువరులు గిరీశము ఓటమిని చూచి నవ్వుకొని పుస్తకము మూయుదురు. కాని బుచ్చమ్మ ప్రయాణము ఎంత దూరమో యోచించినవారు తక్కువ. తన భాష తెలియని ఊరికి, తన వారొక్కరును లేని చోటికి ఆ పిల్ల పోవలసివచ్చినది. నీడ కావలసిన చోట నీడ లేకపోవుట యనగా నిదియే.

అది కల్పిత కథ మాత్రమే యని తీసివేయుటకు వీలు లేదు. నాటి విశాఖపట్టణము జిల్లాలో మూడు సంవత్సరములలో జరిగిన కన్యాశుల్క వివాహములను విజయనగర మహారాజావారు లెక్క తీయించిరి. అవి 1,034 అని గురజాడవారు తమ పీఠికలో తెలిపిరి. ఆ వధువులలో ఐదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది నిండినవారు ముగ్గురు. ముదుసలి వరునకు కట్టబెట్టిన పసిపిల్ల పెరిగి పెద్దదగునప్పటికి భర్త యుండడు. కన్నవారు గతించిన పిమ్మట ఆమెకు ఏ గడపయు తనది కాదు.

పూనా శరణాలయముల చరిత్రలోనే ఒక తల్లి కథ యున్నది. పండిత రమాబాయికి 1882లో భర్త మరణించునాటికి చంకలో ఆడుబిడ్డ. అట్టి బ్రతుకును తాను చవిచూచినది గనుకనే ఆమె 1889లో బొంబాయిలో శారదా సదనమును తెరచి, మరుసటి యేడు దానిని పూనాకు మార్చెను. ధోండో కేశవ కార్వేగారు 1896లో అచటనే వితంతు శరణాలయమును స్థాపించిరి. తెలుగునాట కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించి, అంతటితో ఆగక వితంతువులకు శరణాలయములను నడపిరి. 1906లో హితకారిణీ సమాజమును నెలకొల్పి తమ యాస్తిని దానికి సమర్పించిరి. గుంటూరున ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో శారదా నికేతనమును స్థాపించిరి. 1937లో మద్రాసునందు దుర్గాబాయి గారు ఆంధ్ర మహిళా సభను ప్రారంభించిరి. ఆమె 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయిరి. చదువు నడుమ ఆగిపోయిన స్త్రీలు స్వల్పకాలములో పరీక్షకు కూర్చుండునట్లు 1958లో సంక్షిప్త విద్యాక్రమము ఆ మండలి పక్షమున మొదలయినది.

ఈ మహనీయులందరును గ్రహించిన సత్యమొకటే. కూడు, గూడు మాత్రమే ఇచ్చినచో ఆ స్త్రీ జీవితాంతము అతిథిగానే మిగిలిపోవును. చదువో, చేతిపనియో తోడైనప్పుడే శరణాలయము ఆమెను ఇంటిదానిని చేసి పంపగలదు.

నాటి దురాచారములు చాలవరకు తొలగినవి. అయినను శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో తల్లులు వీధిన పడుటకు కొత్త కారణములు చేరినవి. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి ఎన్నో కుటుంబముల యజమానులను మంచమునకు, పిదప మట్టికి చేర్చినది. దాని మూలమిదియని శాస్త్రజ్ఞులు ఇంకను నిర్ధారింపలేదు. వైద్యమునకు పొలము పోవును, నగలు పోవును, కడకు ఇంటి పెద్దయు పోవును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ తీరమును తాకినప్పుడు ఉద్దానపు కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలకూలినవి; తోటతోపాటు కూలియు పోయినది. ఆ యేటి నవంబరులోనే గుజరాతు తీరమున చేపల వేటకు పోయిన ఈ జిల్లాల మత్స్యకారులు పాకిస్థాను వారికి పట్టుబడిరి. వారిలో 20 మంది 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. ఏడాదికి పైగా ఆ గుడిసెలను నెట్టుకొని వచ్చినవారు తల్లులే. ఇక వలసపోయి తిరిగి రాని భర్త, త్రాగి తన్ను భర్త, కోడలిని గెంటివేయు అత్తవారు, వీరు ఏ తుఫాను లెక్కలోను చేరరు.

ఇచట ఒక పోలిక గమనింపదగినది. సముద్రతీర గ్రామములలో తుఫాను షెల్టరు ఎచటనున్నదో పసిబిడ్డ కూడ చూపగలడు. హెచ్చరిక రాగానే దండోరా వేయుదురు, తలుపులు తీయుదురు, గంజి కాయుదురు. ఎవ్వరును ‘నీవేల వచ్చితివి?’ యని అడుగరు. కాని ఒక్క యింటిలో మాత్రమే గాలివాన రేగి, అర్ధరాత్రి ఒక తల్లి ఇద్దరు బిడ్డలతో బయటపడినప్పుడు, ఆమెకు దారి చూపువారెవరు? ఊరు ఊరంతయు ఆమెను ‘ఏమి తప్పు చేసితివి?’ యని ప్రశ్నించును. కన్నవారిల్లు రెండు దినములు అన్నము పెట్టి, మూడవ దినమున సర్దుకొని పొమ్మనును.

దారి లేక కాదు, తెలియక. హింసకు గురియైన స్త్రీలకై 2015 నుండి జిల్లాలందు నెలకొన్న ‘సఖి’ కేంద్రములు వైద్యము, పోలీసు సహాయము, న్యాయసలహా ఒక్కచోటనే సమకూర్చి, ఐదు దినములవరకు తలదాచుకొన నిచ్చును. 181 సంఖ్యకు ఫోను చేసినచో స్త్రీలకును, 1098కి చేసినచో పిల్లలకును సహాయము లభించును. దీర్ఘకాలపు వసతికి 1969 నుండి స్వల్పకాల నివాస గృహములును, 2001–02 నుండి ‘స్వాధార్’ పథకమును ఉండెడివి. ఆ రెండును ఏకమై, 2022 నుండి ‘శక్తి సదన్’ పేర సాగుచున్నవి. ఉచిత న్యాయసహాయము 1987 నాటి చట్టముచే స్త్రీలకు, పిల్లలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ హక్కయినది. దానికి 15100 అను సంఖ్య కలదు.

ఈ యేర్పాట్లలో మిక్కిలి నాజూకైన విషయమొకటి యున్నది. అది తల్లీబిడ్డల ఎడబాటు. స్వాధార్ నియమముల ప్రకారము ఆడుబిడ్డ పదునెనిమిదేండ్లవరకు తల్లి వద్ద నుండవచ్చును. మగబిడ్డ ఎనిమిదేండ్లు దాటినచో వానిని బాలుర వసతికి పంపవలెను. స్త్రీల నివాసమున పెద్ద బాలురుండరాదన్న జాగ్రత్త అర్థము కానిది కాదు. కాని అప్పటికే తండ్రి కొట్టుట చూచి, ఇల్లు విడిచి, బడి విడిచి వచ్చిన తొమ్మిదేండ్ల పిల్లవానికి తల్లి ఒక్కతెయే మిగిలినది. ఆమెను కూడ ఒక గుమస్తా కాగితముపై విడదీసినప్పుడు వాడు దానిని రక్షణ యనుకొనునా, శిక్ష యనుకొనునా? ఎందరో తల్లులు కొడుకును విడువలేక శరణాలయపు గడప త్రొక్కరు; కొట్టు ఇంటికే మరలిపోవుదురు. శక్తి సదన్ నియమములలో ఈ వయస్సు పండ్రెండేండ్లకు పెరిగినది. ఇది మెచ్చదగిన మార్పు. అయినను పదమూడేండ్ల బాలుడు ఒక్కసారిగా పెద్దవాడు కాడు. తల్లీబిడ్డలకు ఒక్క గదియైన ప్రత్యేకముగా నుండు చిన్న నివాసములు ఏర్పడిననాడే ఈ చిక్కు తీరును.

తరువాతి మెట్టు పని. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో ప్రత్తిని శుభ్రపరచి, సన్నని నూలు వడకు స్త్రీల నైపుణ్యము లోకప్రసిద్ధము. 1949లో ఏర్పడిన ఖాదీ కార్మికుల సంఘము ఆ పనికి అండగా నిలిచినది. ఇంటి వద్ద, బిడ్డ కన్నుల ముందుండగా చేయదగిన పని యది. కాని వడకు కూలి మిక్కిలి స్వల్పము. పలాస జీడిపప్పు కర్మాగారములలో పనిచేయువారిలో స్త్రీలే అధికము. అచట కూలి కొంత మెరుగైనను, బిడ్డను ఎవరికి అప్పగించి పోవుట? 1975లో ప్రారంభమైన అంగన్‌వాడీ పసివారికి ఆహారము పెట్టును, ఆటపాటలు నేర్పును. కాని దాని వేళలకును కూలి వేళలకును పొత్తు కుదరదు. 2022 నుండి ‘పాల్నా’ పేర అంగన్‌వాడీలతో శిశుసంరక్షణ కేంద్రములను జోడించుట ఈ లోటును గుర్తించియే. తల్లి పనిచేయు ప్రతి చోట బిడ్డ నిద్రించుటకు ఉయ్యాల వేయు తావు ఉండవలెను.

అన్నిటికంటె మేలైన శరణాలయము ఆమె సొంత ఇల్లే. 2005 నాటి గృహహింస చట్టము, భర్తతో కాపురమున్న ఇల్లు ఎవరి పేర నున్నను, అందుండుటకు భార్యకు హక్కు గలదని చెప్పినది. గెంటివేయుటకు ముందే ఈ మాట తెలిసినచో ఎందరో తల్లులు వీధికి రావలసిన పని లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము భర్త వీలునామా వ్రాయక మరణించినచో, ఆతని వాటాలో భార్యకు, ప్రతి బిడ్డకు, ఆతని తల్లికి సమభాగము కలదు. ఉమ్మడి యాస్తిలో కుమార్తెకు కొడుకుతో సమానమైన హక్కును ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము 1986లోనే చట్టము చేసినది. దేశమంతటికి అది 2005లో వచ్చినది. 2020 డిసెంబరు 25న రాష్ట్రమందు ఆరంభమైన ఇండ్ల స్థలముల పంపకములో పట్టాలు స్త్రీల పేరనే వ్రాయబడినవి. పల్లెలో సెంటున్నర నేల యనిన చిన్నదే. కాని పట్టాపై తల్లి పేరున్నచో, కోపము వచ్చినప్పుడెల్ల ‘నా ఇంటినుండి పో’ యనుట భర్తకు తగదు.

ఇక గ్రామము చేయదగినదేమి? మొదటిది, రాత్రివేళ వచ్చిన తల్లిని ప్రశ్నించుటకు ముందు కూర్చుండబెట్టి, బిడ్డకు పాలో, అన్నమో పెట్టుట. రెండవది, తెల్లవారగనే ఒక పెద్దావిడను, ఒక చదువరిని తోడిచ్చి సఖి కేంద్రమునకో, న్యాయసేవా సంస్థకో చేర్చుట. ఒంటరిగా బస్సెక్కిన తల్లి సగము దారిలో మనసు మార్చుకొని వెనుదిరుగును. తోడున్నచో గమ్యము చేరును. మూడవది, ఆమె బిడ్డలను ఆ వారములోనే బడిలో చేర్చుట. బదిలీ పత్రము ఆలస్యమైనదను సాకుతో బిడ్డను చేర్చుకొనకుండుట 2009 విద్యాహక్కు చట్టమునకు విరుద్ధమని ఉపాధ్యాయులకు గుర్తుచేయవలెను. నాలుగవది, ఆధారు, రేషను కార్డు, వివాహపు ఛాయాచిత్రములు, పొలము కాగితముల నకళ్లు ముందుగనే ఒక చోట దాచుకొనుమని పెండ్లియైన ప్రతి ఆడుబిడ్డకు చెప్పుట.

ఈ పనులకు గ్రంథాలయము కంటె తగిన చోటు లేదు. పోలీసు ఠాణా మెట్లెక్కుటకు జంకు స్త్రీ, వారపత్రిక కొరకు వచ్చినట్లు గ్రంథాలయమునకు రాగలదు. అచట గోడపై 181, 1098, 15100 అను మూడు సంఖ్యలు పెద్ద యక్షరములతో వ్రాసియుంచినను చాలును. వారమున కొక మధ్యాహ్నము చదువురాని తల్లులకు చట్టపు మాటలు చదివి వినిపించినను, దరఖాస్తు వ్రాసి యిచ్చినను, బీరువాలోని పుస్తకములకు ప్రాణము వచ్చును. ఇరువదియైదేండ్లుగా ఈ ఊరికి అక్షరము పంచిన సంస్థకు ఇది బరువు కాదు.

బుచ్చమ్మ నీడకై పూనా దాక పోవలసివచ్చినది. నేటి తల్లికి నీడ జిల్లా కేంద్రముదాక వచ్చి ఆగినది. అచటినుండి ఈ ఊరి గడపవరకు మిగిలిన దారిని ప్రభుత్వము ఒంటరిగా వేయజాలదు. అది గ్రామస్థులు వేయవలసినది. రాబోవు స్వర్ణోత్సవము నాటికి ఈ ఊరిలో బిడ్డను చంకనెత్తుకొని ఎచటికి పోవలయునో తెలియక నిలిచిన తల్లి ఒక్కతెయు లేకుండుగాక!

స్వస్తి.