పాత ప్రోగ్రాం, కొత్త కంప్యూటర్



సూరత్‌లోని లింబాయత్ ప్రాంతానికి వెళ్తే మరమగ్గాల చప్పుడు మధ్య తెలుగు మాటలు వినిపిస్తాయి. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో అక్కడ స్థిరపడ్డాయి. అలాంటి చోట ఒక షెడ్డును ఊహించుకోండి. అక్కడి జకార్డు మగ్గాలకు కావలసిన చీర డిజైన్లను విండోస్ 98 కాలపు సాఫ్ట్‌వేర్‌తో తయారు చేస్తున్నారు. ఒకరోజు ఆ పాత కంప్యూటర్ చెడిపోయింది. కొత్తది కొన్నారు. డిజైన్ ఫైళ్లు భద్రంగానే ఉన్నాయి, కాని వాటిని తెరిచే ప్రోగ్రాం మొదలవడం లేదు. ఏళ్ల తరబడి పడ్డ శ్రమ కళ్లెదుటే ఉన్నా చేతికి అందడం లేదు. ఎందుకిలా జరుగుతుంది?

జవాబు కోసం మగ్గం దగ్గరికే వెళ్దాం. 1804లో ఫ్రాన్సులో జోసెఫ్ మరీ జకార్డ్ చిల్లుల అట్టలతో నడిచే మగ్గాన్ని రూపొందించాడు. ఏ పడుగు దారం పైకి లేవాలో అట్టలోని చిల్లులే చెబుతాయి. అయితే ఒక మగ్గం కొలతకు కొట్టిన అట్ట, చిల్లుల మధ్య ఎడం వేరుగా ఉన్న మగ్గానికి పనికిరాదు. ప్రోగ్రాం కూడా అంతే. తాను ఏ ఆపరేటింగ్ సిస్టం కోసం తయారైందో దాని ఏర్పాట్లనే అది వెతుక్కుంటుంది.

ఇక్కడ ముఖ్యంగా మూడు అడ్డంకులు ఎదురవుతాయి. మొదటిది, 16 బిట్ల ప్రోగ్రాములను నడిపే ఏర్పాటు 64 బిట్ల విండోస్‌లో లేదు. రెండోది అనుమతులు. పాత ప్రోగ్రాములు సిస్టం ఫోల్డర్లలో స్వేచ్ఛగా రాసేవి. 2007లో మార్కెట్లోకి వచ్చిన విస్టా నుంచి దీనికి కట్టడి పెరిగింది. మూడోది పరికరాలు. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లకు డాంగుల్ అనే తాళంచెవి లాంటి పరికరం ఉండాలి. దాన్ని తగిలించే పాత ప్యారలల్ పోర్టు నేటి కంప్యూటర్లలో సాధారణంగా ఉండదు.

మరి ఉపాయం ఏమిటి? ముందుగా ప్రోగ్రాం ప్రాపర్టీస్‌లోని కంపాటబిలిటీ మోడ్ ప్రయత్నించండి. ఇది పాత విండోస్ ప్రవర్తనను కొంతవరకు అనుకరిస్తుంది, కాని 16 బిట్ల అడ్డంకిని తొలగించలేదు. అప్పుడు వర్చువల్ మెషీన్ అవసరమవుతుంది. అంటే కొత్త కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తోనే ఇంకో కంప్యూటర్‌ను సృష్టించి, అందులో పాత విండోస్‌ను నడపడం. డాస్ ప్రోగ్రాములకైతే డాస్‌బాక్స్ ఉంది.

ఒక హెచ్చరిక. పాత విండోస్‌ను ఇంటర్నెట్‌కు కలపకండి. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సహాయం 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. 2017 మేలో వాన్నాక్రై అనే హానికర ప్రోగ్రాం, భద్రతా సవరణలు వేసుకోని కంప్యూటర్లలోకి చొరబడి ఫైళ్లకు తాళం వేసింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. కాబట్టి వర్చువల్ మెషీన్‌లో నెట్‌వర్క్‌ను ఆపివేయండి.

చివరిగా ఒక మాట. పాత ప్రోగ్రాంను నడిపించడం తాత్కాలిక ఉపాయమే. అది తెరుచుకున్న రోజునే మన షెడ్డు యజమాని చేయవలసిన పని ఒకటుంది. ప్రతి డిజైన్‌నూ చాలా ప్రోగ్రాములు చదవగలిగే బిట్‌మ్యాప్ వంటి సాధారణ రూపంలోకి మార్చి, రెండు చోట్ల దాచుకోవాలి. యంత్రాలు మారుతూనే ఉంటాయి. నేత పనివాడి డిజైన్ మాత్రం వాటితోపాటు పోకూడదు. మీ ఇంట్లోని పాత ఫైళ్లను కూడా ఈ వారమే ఒకసారి తెరిచి చూడండి. సెలవు.