రెండంగుళాల సిమెంటు గోడ
(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మీ వృత్తి గురించి అందరికీ అర్థమయ్యేలా నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు అడిగారు. నేను బావులకు సిమెంటు వేసే ఇంజనీరుని. మొదట కృష్ణా-గోదావరి ప్రాంతంలో గ్యాసు బావులకు వేశాను. తర్వాత ఇండోనేషియాలో భూతాప బావులకు, అంటే భూమి లోపలి వేడిని ఆవిరిగా పైకి తెచ్చే బావులకు వేశాను. నా పని పూర్తయ్యాక ఎవరికీ కనబడదు. కనబడిందంటే ఏదో చెడిందన్నమాట.

నేలలో లోతుకు పోయేకొద్దీ వేడి పెరుగుతుందని మనం ఇక్కడే చదువుకున్నాం. అగ్నిపర్వతాల ప్రాంతాల్లో ఒకటి రెండు కిలోమీటర్లకే 200, 300 డిగ్రీలు తగులుతాయి. ఇటలీలోని లార్దెరెల్లోలో 1904లో ఈ ఆవిరితో ఐదు బల్బులు వెలిగించారు. 1913లో అక్కడే మొదటి విద్యుత్ కేంద్రం వచ్చింది. మన దేశంలో లద్దాఖ్‌లోని పుగా లోయలో ఒక మెగావాట్ ప్రయోగాత్మక కేంద్రం కోసం 2021లో ఓఎన్‌జీసీ ఒప్పందం చేసుకుంది. మన మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి సంస్థ బోరులోంచి వచ్చే వేడినీళ్ళతో 20 కిలోవాట్ల చిన్న కేంద్రం పెట్టింది.

బొగ్గు లేదు, పొగ లేదు, రాత్రీ పగలూ కరెంటు వస్తుంది. మరి చిక్కెక్కడ అంటే, బావి బతకాలి. లోతైన భూతాప బావి తవ్వడానికి కోట్ల రూపాయలవుతుంది. అది ఇరవై, ముప్పై ఏళ్ళు పనిచేస్తేనే పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. అన్నేళ్ళు నిలబడాల్సింది ఉక్కు గొట్టానికీ రాతికీ మధ్య ఉండే సిమెంటు పొర. పదిహేడున్నర అంగుళాల రంధ్రంలో పదమూడు అంగుళాల పైచిలుకు గొట్టం దించితే చుట్టూ మిగిలే సందు రెండంగుళాలు. సిమెంటు పాలను గొట్టం లోపలినుంచి కిందికి పంపి, ఆ సందులోంచి పైకి తెస్తాం. గొట్టాన్ని కదలకుండా పట్టుకోవడం, లోతులోని ఉప్పునీరు పైనున్న మంచినీటి పొరల్లో కలవకుండా ఆపడం, ఉక్కు తుప్పు పట్టకుండా కాపాడడం ఆ రెండంగుళాల గోడ పనే.

దానికి మొదటి శత్రువు వేడి. ఇళ్ళకు వాడే మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు జాతిదే బావుల సిమెంటు కూడా. సుమారు 110 డిగ్రీలు దాటితే గట్టిపడిన సిమెంటు లోపలి నిర్మాణం మారిపోతుంది. బలం తగ్గుతుంది, సన్నటి రంధ్రాలు పడి నీరు దూరుతుంది. దీనికి మందు మెత్తటి ఇసుకపిండి. సిమెంటు బరువులో 35 నుంచి 40 శాతం సిలికా పిండి కలిపితే, ఆ వేడికే టోబర్మొరైట్, జోనోట్లైట్ అనే గట్టి ఖనిజాలు ఏర్పడతాయి. సున్నంలో ఇటుకపొడి కలిపి సుర్కీ గార చేసిన మన పాతకాలపు మేస్త్రీలకు ఈ సూత్రం చేతిలో ఉంది. సున్నానికి సిలికా తోడైతే గట్టిపడుతుందన్నది రెండు చోట్లా ఒకటే. కృష్ణరాజసాగర్ ఆనకట్ట అలాంటి సుర్కీ గారతోనే కట్టారు.

రెండో శత్రువు సాగుడు. బండి చక్రానికి ఇనప పట్టా ఎక్కించడం చూసిన వాళ్ళు ఈ సభలో చాలామంది ఉంటారు. పట్టాను నిప్పుల్లో కాలిస్తే సాగుతుంది. చక్రం మీద వేసి నీళ్ళు పోస్తే బిగుసుకుంటుంది. ఉక్కు మీటరుకు ఒక్క డిగ్రీకి 0.012 మిల్లీమీటర్లు సాగుతుంది. కిలోమీటరు గొట్టం 200 డిగ్రీలు వేడెక్కితే ఎంత? పిల్లలు లెక్క వేయండి. 2.4 మీటర్లు! అంత సాగనివ్వకుండా సిమెంటు పట్టుకుని ఉండాలి. అప్పుడు గొట్టంలో పుట్టే ఒత్తిడి లెక్కకు 480 మెగాపాస్కల్స్ వస్తుంది. మామూలుగా వాడే కె-55 రకం ఉక్కు 379 దగ్గరే లొంగిపోతుంది. సిమెంటు అడుగు నుంచి నేలమట్టం దాకా ఖాళీ లేకుండా ఉంటే, లొంగినా గొట్టం వంగకుండా నిలుస్తుంది. ఎక్కడైనా ఖాళీ ఉంటే అక్కడే వంగుతుంది. చమురు బావిలో చాలాసార్లు కింది భాగానికి సిమెంటు వేస్తే సరిపోతుంది, ఇక్కడ సరిపోదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. రెండు గొట్టాల మధ్య సిమెంటులో కాస్త నీరు చిక్కుకుపోతే, బావి వేడెక్కినప్పుడు ఆ నీరు వ్యాకోచించి లోపలి గొట్టాన్ని అప్పడంలా నొక్కేస్తుంది.

మూడో శత్రువు ఆమ్లం. లోపలి ఆవిరితో బొగ్గుపులుసు వాయువు వస్తుంది. మనం గోలీసోడాలో తాగేది అదే. అది నీటిలో కరిగి సిమెంటులోని సున్నాన్ని మెల్లగా తినేస్తుంది. న్యూజిలాండ్ పరిశోధకులు గమనించిన సంగతి ఏమిటంటే, వేడికి మందుగా కలిపిన సిలికా ఎక్కువైతే ఈ వాయువు ముందు సిమెంటు ఇంకా త్వరగా ఓడిపోతుంది. ఒక జబ్బుకు మందు ఇంకో జబ్బును పెంచినట్టు. అందుకే 1990లలో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల వారు పోర్ట్‌లాండ్ సిమెంటును పక్కనపెట్టి కాల్షియం అల్యూమినేట్ సిమెంటు, సోడియం ఫాస్ఫేట్, థర్మల్ కేంద్రాల బూడిద కలిపి కొత్త సిమెంటు తయారుచేశారు. అది గట్టిపడితే హైడ్రాక్సీఅపటైట్ పుడుతుంది. మన పళ్ళలో, ఎముకల్లో ఉండే ఖనిజం అదే. ఖరీదెక్కువ కాబట్టి ఆమ్లం ఉన్నచోటే వాడతారు. అందులో పడే బూడిద లాంటిదే మన రామగుండంలోనూ విజయవాడలోనూ రోజూ గుట్టలుగా వస్తోంది.

పైన వాల్వుల్లో వాడే రబ్బరు రింగుల కథ ఇంట్లో ఆడవాళ్ళకు నాకంటే బాగా తెలుసు. ప్రెషర్ కుక్కర్ రబ్బరు కొన్నాళ్ళకు గట్టిపడి ఆవిరి వదిలేస్తుంది కదా! నైట్రైల్ రబ్బరు నూనెకు ఆగుతుంది, వేడికి ఆగదు. ఈపీడీఎం రబ్బరు ఆవిరికి ఆగుతుంది, నూనె తగిలితే ఉబ్బుతుంది. బిగించేటప్పుడు అలవాటు కొద్దీ మామూలు గ్రీజు రాస్తే ఆ రింగు పని అయిపోయినట్టే. మరీ వేడైన చోట రబ్బరు మానేసి లోహానికి లోహం ఆనించి బిగిస్తాం. అయినా అన్నిచోట్లా గెలవలేదు. ఐస్‌లాండ్‌లోని క్రాఫ్లాలో 2009లో తవ్విన బావి 2.1 కిలోమీటర్ల దగ్గర కరిగిన శిలాద్రవాన్నే తాకింది. బావి మూతి దగ్గరే ఆవిరి సుమారు 450 డిగ్రీలు. శక్తికి కొదవలేదు. 2012లో వాల్వు చెడి ఆ బావిని ఆపేయాల్సి వచ్చింది. వేడి దొరకడం కంటే దాన్ని పట్టుకోగల పదార్థం దొరకడమే కష్టం.

ఇక మన బడి సంగతి. స్వర్ణోత్సవ కానుకగా బడికి కొత్త బోరు వేయించాలని సంఘం తీర్మానించింది. చాలా సంతోషం. ఒక్క విన్నపం. మన ఊళ్ళలో కేసింగ్ చుట్టూ ఉన్న సందును బోరులోంచి వచ్చిన మట్టితో నింపి వదిలేస్తున్నారు. వాన కురిస్తే పైనున్న మురుగు గొట్టం వెంబడే లోపలికి దిగుతుంది. ఆ నీళ్ళనే పిల్లలు తాగుతారు. ఆ సందులో సిమెంటు పాలు పోయించి, చుట్టూ గచ్చు కట్టిద్దాం. నేల పైన 30 సెంటీమీటర్లు, కింద 30 సెంటీమీటర్లు ఉండాలని 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. నాలుగైదు బస్తాల సిమెంటుకు మించి కాదు.

ఆటస్థలం మూల ఎండిపోయిన పాత బోరు ఒకటుంది. దానిమీద ఒక బండరాయి మాత్రమే పెట్టారు. పెద్దవాళ్ళు ఇద్దరు పట్టుకుంటే పక్కకు జరిగే రాయి అది. వాడని బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్ళతో పూడ్చాలని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. కొత్త బోరు కంటే ముందు దీన్ని పూడ్పిద్దామని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఆ ఖర్చు నేను పెట్టుకుంటాను. పని జరిగే రెండు రోజులూ దగ్గరుండి చూసుకుంటాను. తొమ్మిదో తరగతి పిల్లలు వచ్చి చూస్తే సిమెంటు పాలు ఎలా కలపాలో చూపిస్తాను కూడా.