మాత్ర ఆగకూడదు



గుండె ఆపరేషన్ అంటే మనం వెంటనే చందా వేస్తాం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కూడా ముఖ్యంగా ఆసుపత్రిలో చేరినవారినే ఆదుకుంటుంది. బయట కొనుక్కునే బీపీ, షుగర్ మాత్రల ఖర్చు మాత్రం నెలనెలా ఇంటిమీదే పడుతుంది. ఆటోకు గిరాకీ తగ్గిన నెల ముందుగా ఆగేది ఆ మాత్రలే. మానేసినా వెంటనే నొప్పి తెలియదు కదా! అదుపు తప్పిన షుగర్ కిడ్నీలను పాడుచేస్తే, చివరికి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ తప్పకపోవచ్చు.

హైదరాబాద్ బస్తీ దవాఖానాల్లో మందులు ఉచితం. జన ఔషధి దుకాణాల్లో జెనరిక్ మందులు చౌక. ముందు అక్కడికే పంపుదాం. అక్కడ దొరకని మందులకు మన డబ్బు వాడదాం. రంజాన్‌లో ఇచ్చే జకాత్‌తో పాటు, ప్రతి నెలా ఒక్క ఇంటి మందుల ఖర్చు భరించమని కోరుతున్నాం. మాత్ర ఆగకూడదంటే మన సాయమూ ఆగకూడదు.