వాలుగ పన్ను - గాలపు తీగ

హనుమాన్ జంక్షన్ అనగానే మన శ్రోతలలో పెక్కుమందికి కూడలిలోని ఆంజనేయస్వామి గుడియు, వేసవిలో నూజివీటి వైపునుండి దిగివచ్చు మామిడికాయల లారీలును జ్ఞప్తికి వచ్చును. ఆ కూడలికి ఉత్తరమున తోటలు. దక్షిణమున కాలువలు, వరిచేలు, చేపల చెరువులు. ఇంకను తూర్పుగా పోయినచో కొల్లేరు. చిన్నరసముల రుచి వర్ణించువారు అచ్చట ఎందరో కలరు. నేడు మేము చెప్పబోవునది నీటివైపు మాట. గాలమునకును దారమునకును నడుమ ఒక మూరెడు మేర కట్టు తీగను గూర్చి కొంత ముచ్చటించెదము.

ఇంత చిన్న వస్తువునకు ప్రసంగమెందులకని శ్రోతలు అనుకొనవచ్చును. మేమును ఒకప్పుడు అట్లే అనుకొంటిమి. ఒక తొలకరినాటి సాయంకాలము, కాలువలకు కొత్తనీరు వదలిన పిమ్మట, జంక్షనుకు దిగువను ఒక గట్టుమీద గాలము వేసి కూర్చుంటిమి. చిన్న చేపపిల్లను ఎరగా గ్రుచ్చితిమి. బెండు మునిగినది, కర్ర వంగినది, నీటిపై ఒక వెండిరంగు పొట్ట పొరలినది, అంతలో చేతిలోని బరువంతయు పోయినది. ప్రక్కను గాలము వేయుచున్న వృద్ధుడొకరు మా దారపు కొసను వ్రేళ్ళ నడుమ పట్టి చూచి, "ఇది తెగలేదు బాబుగారూ, అరిగిపోయింది. వాలుగండి అది. మీ గాలం గొంతులో పెట్టుకుపోయింది. ఇంక బతకడం కష్టమండి" అనిరి. "మరి మీరేమి కడతారు తాతా?" అని అడిగితిమి. "తీగ కడతానండి. చేప పోతే పోనీండి, ఇనుము మింగి పోగూడదు" అనిరి. చేప పోయినందుకు కలిగిన విచారము ఇల్లు చేరులోపల తీరినది. ఆ మాట మాత్రము మమ్ము విడువలేదు.

తీగను ఎన్నుకొనుటకు ముందు పన్నును ఎరుగవలెను. పండ్లున్న చేపలన్నియు ఒక్క తీరున కొరుకవు. వాలుగను ఆంగ్లేయులు మంచినీటి సొర అనిరి. పొలుసు లేని పొడవైన దేహము, కంటిని దాటి వెనుకకు పోవు నోటి చీలిక, దవడలపై లోనికి వంగిన సన్నని పండ్ల వరుసలు దాని లక్షణములు. ఒక మీటరుకు మించి పెరుగును. ఆ పండ్లు కత్తివలె కోయవు, ఆకురాయివలె రాచును. పెనుగులాట సాగినకొలది దారము పోగుపోగుగా అరిగిపోవును. కొరమీను పండ్లు పట్టి విడువకుండుటకు ఏర్పడినవి. దాని నోట దారము కొంతసేపు నిలుచును. ఇక నేడు మన చెరువులలో విరివిగా పెంచబడుచున్న రూప్‌చంద్, అమెజాను నదీప్రాంతమునుండి వచ్చిన చేప, పిరానాలకు దాయాది. దాని పండ్లు మనుష్యుల దంతములను పోలియుండును. గింజలను పగులగొట్టు ఆ దంతముల నడుమ పడిన దారము ఒక్క నొక్కునకే తెగును. ఆఫ్రికాలోని టైగరు చేపకు ఒకదానిలో ఒకటి ఇమిడిపోవు కత్తులవంటి కోరలు కలవు. ఐరోపాలోని పైకు చేపకై గాలమునకు తీగ కట్టు పద్ధతిని ఐజాక్ వాల్టన్ 1653 నాటి తన గ్రంథముననే ప్రస్తావించెను.

చేప తప్పించుకొని పోయినపుడు దారపు కొసయే మనకు సాక్ష్యము చెప్పును. కొస దూదివలె పీచులు లేచియున్నచో రాచు పన్ను. నున్నగా ఏటవాలుగా తెగియున్నచో కోయు పన్ను. కొస మెలితిరిగి పందితోకవలె చుట్టుకొనియున్నచో పన్నుది తప్పు కాదు, మన ముడి జారినది. ఈ మూడును చూడక తీగను మార్చువాడు రోగమెరుగక మందిచ్చు వైద్యుని వంటివాడు.

వాలుగకు మూరెడు పొడవు చాలును. అది దొర్లునపుడు దారము దవడకు తగులకుండుటకు అంత కావలెను. రూప్‌చందుకు జానెడు చాలును. ఒంటి ఉక్కుతీగ సన్నము, గట్టిది. కాని ఒక్కసారి మడత పడినచో ఆ మడతవద్దనే విరుగును. ఏడు పోగులు పేనిన తీగ మెత్తనిది, కట్టుటకు సుళువు. సామాన్యమైన పనికి మేము దానినే మెచ్చుకొందుము. నలుబది తొమ్మిది పోగుల తీగ మరింత మెత్తన, వెల ఎక్కువ. టైటానియము తీగ సులభముగా మడత పడదు; వెల ఇంకను హెచ్చు. జపానులోని కురేహా సంస్థ 1971లో వెలువరించిన ఫ్లోరోకార్బను దారమును ఒక మిల్లీమీటరు లావున కట్టినచో వాలుగ రాపిడికి కొంత ఓర్చును. కోయు పండ్లకు మాత్రము ఆగదు. తీగ బలము దారపు బలముకన్న తక్కువ కారాదు. దారము పది కిలోల బరువును ఆపునదైనచో తీగ పదునైదు కిలోలది కావలెను.

ఇక కట్టు విధానము. ఏడు పోగుల తీగకు సన్నని లోహపు గొట్టము నొకదానిని తొడుగుడు. తీగ కొసను గాలపు కన్నులోనుండి దూర్చి, మరల ఆ గొట్టములోనికే త్రిప్పి తెండు. చిన్న ఉంగరము మిగులునట్లు లాగి, గొట్టమును దానికై చేసిన పట్టకారుతో నొక్కుడు. కత్తిరించు అంచుతో నొక్కరాదు; గొట్టపు రెండు చివరలను చిదుమరాదు; చిదిమినచో ఆ అంచే తీగను కోయును. రెండవ కొసకు మెలి పడకుండ తిరుగు స్వివెలును ఇట్లే బిగింపుడు. ఒంటి తీగకు గొట్టము అక్కరలేదు. కొసను కన్నులో దూర్చి, రెండు తీగలను సమముగా ఒకదానిపై నొకటి నాలుగైదు చుట్లు పేని, పిమ్మట కొసను తిన్నని తీగచుట్టు దగ్గరదగ్గరగా ఐదారు చుట్లు చుట్టవలెను. మిగిలిన ముక్కను పిడివలె వంచి ఇటునటు త్రిప్పినచో అదియే తునుగును. కత్తిరించినచో ముల్లు మిగిలి చేతిని గీరును.

కట్టిన తీగను నమ్ముటకు ముందు పరీక్షింపవలెను. గాలమును మామిడికొమ్మకు తగిలించి, రెండవ కొసకు తూనిక కొక్కెమును కట్టి, దారమునకు చెప్పిన బరువు వచ్చువరకు లాగుడు. జారునదేదో అచ్చటనే జారనిండు. ప్రతి చేప పిమ్మటను తీగను వ్రేళ్ళ నడుమ నడిపి చూడుడు. మడతయున్నను, ఒక్క పోగు లేచినను పారవేయుడు. పారవేయుట యనగా గట్టుపై విసరుట కాదు. పశువుల కాళ్ళకును కొంగల మెడలకును అది ఉరియగును. చుట్టి ఇంటికి కొనిపోవలెను. గాలపు ముల్లును పట్టకారుతో నొక్కి నున్నగా చేసినచో విడిచిపెట్టదలచిన చేపను గాయము లేకయే విడువవచ్చును.

ఇంతయు ఏల? ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘము వాలుగను ముప్పునకు లోనగు జాతులలో చేర్చినది. కొల్లేరు 1999లో అభయారణ్యమైనది. 2002లో రామ్‌సర్ పట్టిక కెక్కినది. అచ్చట అటవీశాఖవారి నియమములు కలవు. ఊరి చెరువులకు పాటదారులో సహకార సంఘములో హక్కుదారులై యుందురు. వారి నడిగియే గాలము వేయవలెను. కొత్తనీరు వచ్చు దినములలో వాలుగ గ్రుడ్లతో ఎదురీదును. అప్పుడు పొట్ట నిండుగానున్న చేప చిక్కినచో నీటనే ఉంచి గాలము తీసి విడువుడు. నీటిపై ఎర్రని పిల్లల గుంపు తేలుచు కనబడినచో దాని క్రిందనే కొరమీను జంట కాపలా యుండును. ఆ చోట గాలము వేయక, కర్రను భుజమున పెట్టుకొని రెండు బారలు ఆవలికి నడువుడు. సెలవు.